పెరటిలో గాలితుపాకి

మా పెరటిలో పందికొక్కులు త్రవ్విన బొరియలు పోయిన సంక్రాంతినాటికి పదునాలుగు. కందపాదులో దుంప మిగులలేదు. అరటిపిలకలు వేళ్లు తెగి వాలిపోయినవి. వంటయింటి వెనుకగోడ క్రింద మన్ను గుల్లయై, వానలలో నొక మూల రెండంగుళములు క్రుంగినది. ఇంతదూరము వచ్చినపిమ్మటగాని గాలితుపాకి కొనవలెనను తలంపు మాకు కలుగలేదు. బడిపంతులేమి, తుపాకియేమి యని చదువరులు నవ్వవచ్చును. మొదట నవ్వినవారు మా తల్లిగారే. "సెలవుల్లో పిట్టలదొర వేషం కడతావుటరా, నాయనా?" అనిరి.

వారి రెండవ ప్రశ్నకు మాత్రము మాకు నవ్వు రాలేదు. "గోరింక సంగతి మరిచిపోయావా?" అనిరి.

మరువలేదు. మాకు పదునొకండవ యేట, వేసవిసెలవులలో, మేనమామగారి యటకమీద నొక పాత గాలితుపాకి దొరికినది. దానిని పట్టుట యెట్లో ఎవరును నేర్పలేదు. పట్టవలదని ఎవరును వారింపలేదు. జామచెట్టుమీది గోరింకను కొట్టితిమి. అది చావలేదు. రెక్క విరిగి, పసుపుపచ్చని కనుగట్టుతో మావంక చూచుచు, గంపక్రింద సాయంకాలమువరకు బ్రతికి, దీపములు పెట్టువేళ ప్రాణము విడిచినది. మా తల్లిగారు గంప యెత్తి చూచి యొక్క మాటయు ననలేదు. అప్పటికే మేము అమరకోశము వల్లించుచుంటిమి. అహింసను గూర్చిన శ్లోకములు నాలుగైదు నోటికి వచ్చును. నోటికి వచ్చినదేదియు చేతికి రాలేదు. ఆ తరువాత ముప్పది యేండ్లు మేము తుపాకి ముట్టలేదు.

ఇప్పుడైనను ముందుగా ఇతర మార్గములే చూచితిమి. జింకు ఫాస్ఫైడు నూకలలో కలిపి పెట్టితిమి. పందికొక్కు అనుమానపుజీవి, కొంచెము రుచిచూచి, కడుపులో తేడా కలిగెనా, మరల ఆ తిండిని ముట్టదు. మా యెర తిన్నది పొరుగువారి కోడిపెట్ట. ఎరను కప్పక విడిచిన తప్పు మాదే గనుక పెట్టవెల ఇచ్చుకొంటిమి. పిమ్మట బోను పెట్టితిమి. అందు పడినది ముంగిస. మాకు సాయము వచ్చినవానినే చెరపెట్టితిమని సిగ్గుపడి తలుపు తీసితిమి. మూషికము వినాయకుని వాహనము, తుపాకితో కొట్టుట మహాపాపమని మా వీథి పెద్దలొకరు మందలించిరి. వారింటి ధాన్యపుకొట్టులో విషపుబిళ్లలు మేము కన్నులార చూచినవే. విషము తిన్న జంతువు గడియలకొలది గిలగిల కొట్టుకొని, మన కంటికి కనబడని చోట చచ్చును. చంపువాని కంటబడనిచో పాపమంటదని కాబోలు వారి ధర్మశాస్త్రము. మాకట్లు తోచలేదు. చంపక తప్పనిచో చూచి చంపవలెను. ఒక్క దెబ్బకు పోవునట్లు చంపవలెను. తుపాకిని ఎన్నుకొనుటలో మేము పెట్టుకొన్న కొలబద్ద ఇదియొక్కటే.

చట్టము సంగతి ముందే తెలిసికొంటిమి. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము క్రింద 2016లో వచ్చిన నియమములను బట్టి, గొట్టపురంధ్రము 4.5 మిల్లీమీటర్లకు మించక, గొట్టము విడుచునప్పుడు గుండునకుండు శక్తి 20 జౌళ్లకు మించనిచో లైసెన్సు అక్కరలేదు. ఈ రెండింటిలో నేది మించినను కావలయును. దేనిని కొట్టవచ్చుననునది వేరు ప్రశ్న. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఐదవ షెడ్యూలను పట్టిక యొకటి యుండెడిది. కాకులు, ఎలుకలు మొదలైనవి అందు హానికరజంతువులుగా లెక్కింపబడెడివి. 2022 సవరణతో ఆ పట్టికయే పోయినది. పాతపుస్తకము చూచి నేడు కాకిపై గురిపెట్టువాడు చిక్కులలో పడును. పక్షులలో పెక్కింటికి, ముంగిసకు చట్టరక్షణ కలదు. పందికొక్కుల మాట వేరు. వానిని చంపుటకు వ్యవసాయశాఖవారే రైతులచేత మందు పెట్టించుచున్నారు.

విజయవాడలో నొక దుకాణమునకు పోతిమి. దుకాణదారు నల్లగా నిగనిగలాడు తుపాకి నొకదానిని బల్లమీద పెట్టి, "సార్, సెకనుకు పన్నెండువందల యాభై అడుగులు! దీని పైది లేదు," అనెను. మేము బిల్లుకాగితము వెనుక లెక్క వేసితిమి. పన్నెండువందల యాభై అడుగులనగా 381 మీటర్లు. 4.5 మిల్లీమీటర్ల సీసపుగుండు బరువు సుమారు అరగ్రాము. ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముతో హెచ్చింపగా వచ్చినది 36 జౌళ్లు. అతనిమాట నిజమైనచో మేము లైసెన్సు లేని నేరస్థులము; అబద్ధమైనచో మోసపోయినవారము. పాప మతడు అట్టమీద అచ్చువేసిన అంకెను చదివినాడంతే. అట్టి అంకెలు మిక్కిలి తేలికయైన గుండుతో తీసినవి. ఇంట వాడు సీసపుగుండుతో ఆ వేగము రాదు.

అంతకన్న వేరొక చిక్కు కలదు. మన యెండలలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. గుండు దానిని మించినచో గాలిలో కొరడా ఝళిపించినట్లు పెళ్లుమనును. మా పొరుగింట నెలల బిడ్డ యున్నది. వెనుకవీథిలో గుండెజబ్బు మనిషి యున్నారు. రాత్రి పదిగంటలకు పెళ్లుమనిపించు తుపాకి మాకేల? మేము ఒట్టిచేతులతో తిరిగి వచ్చితిమి.

దారి చూపినవాడు మా పూర్వవిద్యార్థి. ఎన్.సి.సి.లో రైఫిలు పట్టుట నేర్చి, నేడు పిల్లలను పది మీటర్ల పోటీలకు తయారుచేయుచున్నాడు. గాలితుపాకి ఆటవస్తువని మేమనగా అతడు నొచ్చుకొనెను. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆస్ట్రియాసైన్యము గిరండోని చేసిన గాలితుపాకులను వాడినదనియు, 1804లో అమెరికా పడమటి దిక్కునకు సాగిన లూయిస్, క్లార్కుల బృందమువద్ద గాలితుపాకి యుండెననియు చెప్పెను. 2008లో బీజింగులో అభినవ్ బింద్రాకు స్వర్ణము, 2012లో లండనులో మన హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యము తెచ్చినది ఈ 4.5 మిల్లీమీటర్ల తుపాకియే. ఆ పోటీలో నడిమి చుక్క అరమిల్లీమీటరు. "మాస్టారూ, జోరు కాదండి, గురి కావాలి," అనెను. సంస్కృతము చెప్పించుకొన్న శిష్యుడు గురువునకు పాఠము చెప్పుచుండగా వినుట యొక సుఖము.

తుపాకులలో పెక్కు తెరగులు. ముందుగానే గాలిని నింపి యుంచునవి మెత్తగా, కుదుపులేక పేలును. కాని రెండువందల బార్ల ఒత్తిడి నింపు పంపు, దాని వెల, దాని శ్రమ మావంటివారికి బరువు. బొగ్గుపులుసు వాయువు గొట్టములతో పేలునవి ఎండకొక తీరు, చలికొక తీరు. పలుమారులు పంపు కొట్టవలసినవి మంచివేగాని, రెండవ గుండు పెట్టులోపల పందికొక్కు ఊరు దాటును. మిగిలినది స్ప్రింగు తుపాకి. గొట్టమును క్రిందికి విరిచి వంచినచో లోని యుక్కుస్ప్రింగు ముడుచుకొనును. మీట నొక్కగా ముషలకము ముందుకు దూకి యెదుటి గాలిని నొక్కును. ఆ గాలి గుండును త్రోయును. వెల తక్కువ, మరమ్మతు సులభము. దీని దోషమెల్ల కుదుపులో నున్నది. గుండు గొట్టము దాటకమునుపే తుపాకి వెనుకకొక త్రోపు త్రోసి, వెంటనే ముందుకొక యదురు అదురును. దానిని బిగించి పట్టినకొలది గురి చెడును. అరచేతిలో పసిబిడ్డ తల ఆనించినట్లు ఊరక మోయవలెను. ముప్పది యేండ్లనాడు మేము బిగించిన పిడికిళ్లు తలపునకు వచ్చినవి. ఈ ముందుకు కుదుపుటచేతనే దీనికి తగిన దుర్భిణి కానిచో నెలలోనే దాని అద్దములు సడలును. మేము దుర్భిణి కొనలేదు. తుపాకితోడి గురియే చాలుననుకొంటిమి.

కొన్నది సెకనుకు సుమారు 240 మీటర్ల వేగము గలది. అరగ్రాము గుండునకు పదునాలుగు జౌళ్ల పైచిలుకు. బరువు మూడు కిలోలలోపు. ఇంతకన్న జోరైనదానిని వంచుటకు మా భుజము చాలదు. పదిసారులు వంచిన చేయి వణకినచో పదునొకండవ గుండు ఎక్కడ పడునో ఎవరెరుగుదురు? పెల్లెట్టనబడు ఈ సీసపుగుండు నడుము సన్నమై, వెనుక బోలై, డమరుకమును తలపించును. చదునుతల గలవి, గుండ్రనితల గలవి నాలుగు రకములు తెచ్చి ప్రయత్నించితిమి. ఒక్కొక్క గొట్టమున కొక్కొక్క గుండు నచ్చును. ఇందు తర్కము పనిచేయదు, కాగితము మీది రంధ్రములే ప్రమాణము. మా గొట్టమునకు గుండ్రనితల నచ్చినది.

చప్పుడు విషయమున మాకొక వింత తెలిసినది. చెక్కిలి కఱ్ఱ కానియుండుటచేత స్ప్రింగుమోత ఎముకగుండ కాల్చువాని చెవికి పెద్దదిగా వినవచ్చును; పొరుగింట నిలిచిన మా శిష్యునకు తలుపు గడియ వేసినట్లు మాత్రమే వినబడెనట. వెనుక రేకు పెట్టి కాల్చినప్పుడే వీథి యదిరినది. రేకు తీసి మట్టిబస్తాలు పేర్చితిమి. గుండు తప్పినచో రెండుమూడు వందల మీటర్లు పోగలదు గనుక బస్తాలు చప్పుడునకేకాదు, ప్రాణమునకును అవసరము. రాతిమీద పడిన గుండు తిరిగి కాల్చినవాని కంటికే రావచ్చును.

మూడువారములు కాగితము తప్ప మరేమియు కొట్టలేదు. పందికొక్కు కంటికిని చెవికిని నడిమిచోటు రూపాయిబిళ్లంత. అయిదు గుండ్లలో అయిదును రూపాయిబిళ్లలో పడు దూరమెంతయో అంతవరకే మాకు కొట్టుటకు హక్కు. కూర్చుండి, మోచేయి బస్తాపై నానించినప్పుడు మాకది పండ్రెండడుగులు వేసిన దూరము. ఇంతకుమించి లేదు. మా శిష్యునకు ముప్పది. పొరుగువారి కందరకు ముందు చెప్పితిమి. గుండు లేని తుపాకిని పేల్చరాదు, ముషలకము దెబ్బతినును. ఎక్కుపెట్టి విడిచి పోరాదు. సీసము ముట్టిన చేయి కడుగక అన్నము తినరాదు. తుపాకి బీరువాలో నొక తాళము క్రింద, గుండ్లడబ్బా వేరొక తాళము క్రింద నుండును. మా పండ్రెండేండ్ల కుమారుడు కాగితమును కొట్టవచ్చును, మేము ప్రక్కన నున్నప్పుడు మాత్రమే. జామచెట్టువైపు గొట్టము త్రిప్పిన నాడు ఆ హక్కును పోవును. కారణమడిగినాడు, గంప కథ చెప్పితిమి.

మొదటి రెండు రాత్రులలో రెండు కొట్టితిమి. రెండును కూర్చున్నచోటనే కూలినవి. మూడవ రాత్రి టార్చిపై కట్టిన ఎఱ్ఱగుడ్డ వెలుతురులో నొక పెద్దది, కిలో తూగునది, అరటిచెట్ల మొదట కనబడెను. దూరము ఇరువది యడుగులకు తక్కువ లేదు. రెండు విజయముల గర్వము మీట నొక్కినది. దెబ్బ వెనుకకాలికి తగిలినది. అది కీచుమని ఈడ్చుకొనిపోయెను. రాత్రి రెండుగంటలవరకు టార్చితో పెరడెల్ల వెదకితిమి. మా తల్లిగారు లేచి వచ్చి, మాటాడక, రెండవ టార్చి పట్టుకొని వెంట నడచిరి. కందపాదు చివర నెత్తురుచార దొరికినది. పాడుపడిన నూతిగట్టు ప్రక్క అది రొప్పుచు నుండెను. దగ్గరనుండి ముగించితిమి. "ఈసారి గంప కింద పెట్టలేదులే," అని మాత్రమనిరి వారు.

మరునాటి యుదయమున పండ్రెండడుగులు కొలిచి, అచ్చట నొక యిటుక పాతి, సున్నము పూసితిమి. దానికావల నున్నది మాది కాదు. కుమారుడు సాయంకాలము వచ్చి చూచి, "నాన్నగారూ, ఇటుక ఇంకొంచెం అవతలకి జరపకూడదా?" అని యడిగినాడు. కాగితముపై అయిదింటి కయిదు పడిననాడు జరుపుదమంటిమి. ఇప్పటికి నాలుగు పడుచున్నవి.

పదునాలుగు బొరియలలో నాలుగింటికి మన్ను కదలుట మానినది. వానిని గాజుపెంకులు, సిమెంటు వేసి మూసితిమి. గోడమూల సంగతి చూచుటకు మేస్త్రి సోమవారము వచ్చెదనన్నాడు.