స్థానబలిమి

హైదరాబాదులో అశోక్‌నగర్ చౌరస్తానుండి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమువరకు గల ఆ కొద్దిపాటి దూరములో, గ్రూప్-1 మొదలు పోలీసు కొలువులవరకు సమస్తమైన పోటీ పరీక్షలకును సన్నద్ధులగుచు, ఇరుకు గదులలో నలుగురేసి కాపురముండు యువకులు, రాత్రి పుస్తకములు మూసి చాయ్ బండ్లచుట్టును చేరినప్పుడు, నోటిఫికేషనులను గూర్చియు కోర్టు స్టేలను గూర్చియు ముచ్చటించి ముచ్చటించి విసిగిన పిమ్మట, ఐరోపా ఫుట్‌బాల్ మీదికి మరలుదురు. వారి వాదములలో ఎంతకును తెగనిది ఒకటి కలదు. "సెకండ్ లెగ్ మన గ్రౌండ్ల పడితే సగం గెల్సినట్టే అన్నా" అని ఒకడనును. "ఆడొకటి ఈడొకటి ఆడినంక హోమేంది, అవేయేంది, ఇద్దరికి బరాబరే గద" అని రెండవవాడు త్రోసివేయును. నేను ఈ పేటలో చిరకాలముగా నివసించువాడను గనుకను, పరుల వాదములకు చెవియొగ్గుట నాకు ప్రియమైన దుర్వ్యసనము గనుకను, ఈ విషయమై కొంత ఆలోచింపవలసివచ్చినది.

ఆటను ఎరుగని పాఠకులకొరకు ఒక మాట. నాకౌట్ దశలో రెండు జట్లు ఒకదాని ఊరిలో ఒకమారును, రెండవదాని ఊరిలో ఒకమారును తలపడును; ఒక్కొక్క ఆటకు లెగ్ అని పేరు; రెండింటి గోల్సును కూడగా ఎవరివి అధికమో వారు ముందునకు సాగుదురు. స్థానబలిమిని గూర్చి మనకు చెప్పినవాడు వేమన. మడుగులోని మొసలి ఏనుగునైనను ఈడ్చుకొనిపోవుననియు, గట్టెక్కినదా కుక్కకు సైతము లోకువయగుననియు ఆయన చెప్పిన మాట వినని తెలుగువాడుండడు. రెండు లెగ్గుల పోరును కల్పించిన మహానుభావుడు ఆ మొసలిని, ఆ ఏనుగును ఒకనాడు మడుగులోను, మరొకనాడు గట్టుమీదను పోరాడించి, రెండుదినముల లెక్కయు కూడి తీర్పు చెప్పదలచినాడు. అట్లు చేసినచో స్థానబలిమి ఇరువైపుల చెల్లుకు చెల్లై, సొంతబలిమి మాత్రమే మిగులవలెను. మిగులునా?

ఒక్క ఆటవరకు చూచినచో స్థానబలిమి కల్ల కాదు. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్యయగు యుయెఫా 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారము, 1970ల నడిమికాలమున ఆ ఖండపు పోటీలలో సొంతగడ్డ జట్లు నూటికి 61 ఆటలు గెలువగా అతిథులు 19 మాత్రమే గెలిచెడివారు. 2021 నాటికి ఆ సంఖ్యలు 47, 30గా మారినవి. సొంతజట్టు ఆటకు సగటున కొట్టు గోల్సు 2.02 నుండి 1.58కి దిగినవి, అతిథులవి 0.95 నుండి 1.15కి ఎక్కినవి. మైదానములన్నియు ఒకే తీరున చదునై పచ్చనై ఒప్పుచుండుటయు, ప్రయాణములు సుఖతరములగుటయు, రిఫరీ తీర్పును మరల పరిశీలించు వీడియో వచ్చుటయు ఇందుకు హేతువులని వారే చెప్పిరి. తరిగినదన్నమాట నిజమే గాని, 47కును 30కిని నడుమ గల అగాధము సామాన్యమైనది కాదు.

ఆ బలిమి ఎచ్చటనుండి వచ్చుచున్నదో కనుగొనుటకు జరిగిన పరిశోధనలలో నాకు మిక్కిలి రుచించినది 2002లో ఆంగ్లదేశమున ప్రకటితమైనది. నలుబదిమంది రిఫరీలకు ఒకే ఆటలోని 47 ఢీకొట్టుళ్లను వీడియోలో చూపి, కొందరికి ప్రేక్షకుల కోలాహలము వినిపించియు, కొందరికి వినిపింపకయు తీర్పు చెప్పుమనిరి. కోలాహలము విన్నవారు సొంతజట్టుపై విధించిన ఫౌళ్లు, విననివారు విధించినవానికంటె నూటికి 15.5 వంతున తక్కువ. అనగా, పదివేల గొంతుకలు ఆటగాని కాలికి బలమిచ్చునో లేదో గాని, నల్లచొక్కా తొడిగిన ఆ తటస్థుని చేతిలోని ఈలను మాత్రము ఒక్క క్షణము తడబడజేయును. 2020లో కరోనా కాలమున జర్మనీవారి బుందెస్లీగా ఖాళీ మైదానములలో పునఃప్రారంభమైనప్పుడు సొంతజట్ల విజయములు కండ్లకు కట్టినట్లు తగ్గుటయు ఈ సంగతినే బలపరచినది. కావున స్థానమనగా మట్టి కాదు, గడ్డి కాదు, మనుష్యులు.

ఇక రెండు లెగ్గుల మాట. చెరియొక ఆట సొంతమైనప్పుడు మిగిలిన తేడా వరుస ఒక్కటియే. రెండవ ఆట ఎవరి ఊరిలోనో, అదనపు 30 నిమిషములును, పెనాల్టీ షూటౌటును వారి ఊరిలోనే జరుగును గనుక, సమమైన పక్షమున వారికి అరగంట కాలము ఉచితముగా లభించుచున్నదనుట స్పష్టము. అంతకు మించి చెప్పబోవువారు మాత్రము ఒక చిక్కును గమనింపవలెను. చాంపియన్స్ లీగ్‌లో ముందరి దశయందు మేలైన స్థానము సంపాదించిన జట్టుకే రెండవ ఆటను సొంతగడ్డపై ఇచ్చు ఆచారము కలదు. బలవంతునికే ఇచ్చి, బలవంతుడు గెలిచినంతనే వరుసవలన గెలిచినాడనుట న్యాయము కాదు. చాయ్ బండి వాదులు 2017లో బార్సిలోనా 0-4తో వెనుకబడి సొంతగడ్డపై 6-1తో పారిస్ జట్టును కూల్చుటను, 2019లో లివర్‌పూల్ 0-3 తరువాత అదే బార్సిలోనాను 4-0తో మట్టికరిపించుటను తారకమంత్రమువలె జపింతురు. ఆ 2019లోనే మాంచెస్టర్ యునైటెడ్ తన ఊరిలో 0-2తో ఓడి పారిస్‌లో 3-1తో గెలిచి ముందుకు సాగుటయు, టోటెన్‌హామ్ తన ఊరిలో ఓడి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయక్స్‌ను కడపటి క్షణమున 3-2తో పడగొట్టుటయు వారికి జ్ఞప్తికి రావు. అద్భుతములను ఏరుకొని సిద్ధాంతము కట్టువారికి రెండువైపులను కావలసినంత సరకు దొరకును.

ఈ కడపటి రెండు ఉదాహరణములలోను, మొత్తము గోల్సు సమమైనప్పుడు పరాయిగడ్డ గోలుకు అధికవిలువ ఇచ్చు పాతనియమము పనిచేసినది. ఆ నియమము 1965-66లో పుట్టి 2021లో గతించినది. దానికి పూర్వపు పద్ధతి మరింత విచిత్రము. 1965 మార్చిలో లివర్‌పూల్, కొలోన్ జట్లు ఇరుగడ్డలపైనను గోలు లేక సరిసమానమై, రోటర్‌డామ్‌లో మూడవమారు తలపడి 2-2తో మరల సమము కాగా, ఒక బిళ్లను ఎగురవేసి తేల్చిరి. మొదటిమారు ఆ బిళ్ల బురదలో నిలువునా దిగబడినదట. రెండవమారు లివర్‌పూల్ నెగ్గినది. అతిథి గోలునకు అధికమూల్యమిచ్చుట పరాయిగడ్డపై ధైర్యముగా ఆడువానికి బహుమానముగా ఉద్దేశింపబడినను, కాలక్రమమున సొంతగడ్డపై ఆడువాడే ఒక్క గోలు మీదపడునేమోయని తలుపు బిడాయించుకొని కూర్చుండుటకు దారితీసినది. స్థానబలిమిని సరిదిద్దబోయి స్థానమునే భయస్థానము చేసిరి. పోవుటయే మేలైనది.

మన నగరమునకు వత్తము. నారాయణగూడనుండి నడకదూరములోనున్న కాచిగూడ పాఠశాలలో ఒకప్పుడు ఉపాధ్యాయుడై, అనంతరము భారతదేశపు ఫుట్‌బాల్‌కే ఆచార్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం చరిత్ర తలచినచో స్థానబలిమి సిద్ధాంతము చాల ఇబ్బందిలో పడును. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్‌ను గెలిచినది; ఆ పోటీ జరుగునది బొంబాయిలో. 1950లోను 1954లోను డ్యూరాండ్ కప్‌ను తెచ్చినది, అది ఢిల్లీలోనిది. ఫతే మైదానపు మట్టిలో కాలు సాధించి, కీర్తినంతయు పరస్థలములలో ఆర్జించినవారు వారు. భారతజట్టుకు ఆయన సాధించిన రెండు ఆసియా క్రీడల స్వర్ణములను చూడుడు: 1951లో ఢిల్లీలో మనవారి జయధ్వానముల నడుమ ఇరాన్‌పై 1-0, 1962లో జకార్తాలో, భారతీయులపై ఆగ్రహించి ఆద్యంతము అరచుచుండిన జనసమ్మర్దము నడుమ దక్షిణ కొరియాపై 2-1. పదునొకండేండ్ల ఎడముతో జరిగిన రెండు లెగ్గులనిపించును నాకు. రెండవది గెలుచునాటికి ఆయనను కర్కటవ్యాధి తినివేయుచుండెను. మరుసటి జూన్‌లో పరమపదించెను.

అటు తరువాత బహుకాలమునకు ఇండియన్ సూపర్ లీగ్‌లో మన ఊరి పేరు మోయుచు వచ్చినది హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో అది విజేతయైనప్పుడు కరోనా కారణముగా లీగంతయు గోవాలోనే జరిగినది. సెమీఫైనల్లో ఏ.టి.కె. మోహన్ బగాన్‌పై తొలి లెగ్ 3-1తో గెలిచి, రెండవది 0-1తో ఓడి, మొత్తముమీద 3-2తో గట్టెక్కినది. ఇందులో ఏది సొంత ఆట, ఏది పరాయి ఆట యనునది కాగితమున వ్రాసుకొన్న మాటయే. అప్పటి మూడు మైదానములలో ఒకటి బాంబోలింలోని జి.ఎం.సి. స్టేడియము, మన గచ్చిబౌలిలోనిది జి.ఎం.సి. బాలయోగి స్టేడియము, సొంతగడ్డకు మిగిలిన పోలిక ఆ మూడక్షరములే. 2022 మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించిరి. కేరళనుండి తరలివచ్చిన జనముతో మైదానమంతయు పసుపువన్నె దాల్చెను. అంత పరాయితనములో మనవారు 1-1తో నిలిచి, షూటౌట్‌లో 3-1తో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించిరి. మూడు పెనాల్టీలను ఆపిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోవావాడు. ఆ రాత్రి స్థానబలిమి గలవాడెవడైన నున్నచో అతడొక్కడే.

మరుసటి సంవత్సరము సెమీఫైనల్ నిజముగా రెండు ఊళ్లలో జరిగినది. లీగులో మనది రెండవ స్థానము, మోహన్ బగాన్‌ది మూడవది. అయినను ఆ యేటి ఏర్పాటులో మేలైన జట్టుకు దక్కినది మొదటి ఆట. 2023 మార్చి 9న గచ్చిబౌలిలో 0-0. మార్చి 13న కలకత్తా సాల్ట్‌లేక్‌లో మరల 0-0. అదనపు సమయమునను గోలు లేదు. షూటౌట్‌లో 3-4తో మనవారు ఓడిరి. రెండవ సెమీఫైనల్ మరింత చిత్రము: బెంగుళూరు ముంబయిలో 1-0తో గెలిచెను, ముంబయి బెంగుళూరులో 2-1తో గెలిచెను, షూటౌట్ 9-8తో బెంగుళూరుది. నాలుగు ఆటలలో సొంతజట్టు ఒక్కటియు గెలువలేదు. రెండు పోరులలోను రెండవ ఆటను సొంతగడ్డపై ఆడిన జట్టే ఫైనల్‌కు పోయినది! తొంబది నిమిషములలో ఎచ్చటను కానరాని స్థానబలిమి, పెనాల్టీ బిందువుకడ మాత్రము రెండుమార్లును కానవచ్చినది. రెండు పోరులతో సిద్ధాంతము నిలువదని ఎరుగుదును. అయినను నా తీర్పడిగినచో, రెండు లెగ్గుల పోరులో సొంతగడ్డ గెలిపింపదు; ఇరువురును సమముగా అలసిన వేళ, తూకము ఎటును మొగ్గని వేళ, ఒక గోరంత మొగ్గించును. లీగులో పైనున్నవానికి ఆ గోరంతయు ఇచ్చుట న్యాయము. ఆ యేడు మనకు ఈయలేదు.

ఇంకొకటి. చిక్కడపల్లివానికి గచ్చిబౌలి సొంతగడ్డయా? మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, రాయదుర్గమునకు పోవు బండి పట్టి, అక్కడినుండి ఆటోవానితో బేరమాడి ఆట చూచి అర్ధరాత్రి ఇల్లు చేరుటకంటె, అశోక్‌నగర్ గదిలో సెల్‌ఫోనున మాడ్రిడ్ ఆట చూచుట సులభమని మన కుర్రవాండ్రు తలచుటలో ఆశ్చర్యము లేదు. ఆ మైదానము సూపర్ లీగ్‌లో చూచిన నాకౌట్ ఆట ఆ మార్చి 9 నాటిది ఒక్కటే. పిదప జట్టును ఆర్థికక్లేశములు చుట్టుముట్టెను. 2023-24లో చివరిస్థానమున నిలిచెను. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీయను పేరు దాల్చెను. నగరమున ఇంకను శ్రీనిధి డెక్కన్ కలదు. ఐ-లీగ్‌లో 2022-23లోను 2023-24లోను రెండవ స్థానము పొందిన ఆ జట్టు మైదానము అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనా. అక్కడ ఆటయున్ననాడు, పరీక్ష మరునాడే కానిచో, చాయ్ బండి వాదమును ఒక్క సాయంకాలము వాయిదా వేసి, నలుగురు కలిసి పోయి గొంతెత్తి అరవుడు.