గదిలో రెండో తంబూరా

మే 6, విజయవాడ
పాటల రికార్డింగుకి కూర్చున్న పెద్దమ్మ మంగళహారతి ఎత్తుకోబోయి ఆగిపోయింది. "ఆ రెండో తంబూరా ఎవరు వేశారే? శ్రుతి కలవట్లేదు." రెండో తంబూరా లేదు. స్పీకర్లలోంచి గుయ్‌మని వస్తున్న హమ్ అది.

ఆవిడ చెవి ఎంత నిక్కచ్చిదో రాత్రి లెక్క వేస్తే తెలిసింది. మన కరెంటు 50 హెర్ట్జ్. చిన్న ఊఫర్లు అంత కింది స్థాయిని సరిగా పలకలేవు కాబట్టి ఎక్కువగా వినపడేది దాని రెట్టింపు, 100. డెబ్బై దాటినా ఆవిడ ఐదు శ్రుతి వదలదు. ఆ శ్రుతికి మంద్ర షడ్జం దాదాపు 98. రెండూ పక్కపక్కనే మోగితే సెకనుకు రెండుసార్లు అల వచ్చినట్టు ఊగుతుంది. ఎక్కడో దూరంగా ఉండే శబ్దమైతే ఓర్చుకునేదేమో. ఇది షడ్జం పక్కనే కూర్చుంది.

మే 7
ముందు తేల్చుకోవాల్సింది హమ్ పాటలోకి ఎక్కుతోందా, వినేటప్పుడే వస్తోందా అన్నది. హెడ్‌ఫోన్‌లో నిన్నటి రికార్డింగు శుభ్రంగా ఉంది. అంటే తేడా స్పీకర్ల దారిలోనే.

స్పీకర్ వెనక సిగ్నల్ కేబుల్ పీకేశాను, కరెంటు అలాగే ఉంచి. హమ్ పోయింది. ట్వీటర్ దగ్గర చెవి పెడితే సన్నగా 'స్‌స్' మిగిలింది. అది ప్రతి ఆంప్లిఫయర్‌కీ ఉండేదే. కేబుల్ మళ్లీ పెట్టి, ఈసారి లాప్‌టాప్ చార్జర్ పీకాను. మళ్లీ పోయింది!

దొంగ దొరికినట్టే. చార్జర్ మూడు పిన్నులది, కిటికీ పక్క బోర్డులో ఉంది. స్పీకర్లూ మూడు పిన్నులవే, తలుపు పక్క బోర్డులో ఉన్నాయి. రెండు చోట్లా ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ తొడుగు రెంటినీ కలిపింది. ఎర్త్‌కీ ఎర్త్‌కీ ఉన్న చిన్న వోల్టేజీ తేడాకి ఆ తొడుగులో కరెంటు పారుతుంది. గ్రౌండ్ లూప్ అనేది దీన్నే. ఏ వస్తువూ చెడిపోనక్కర్లేదు, అన్నీ బాగున్నా హమ్ వస్తుంది.

మే 8
ఫ్యాను మూడు మీద ఉంటే 'జర్‌ర్' అని ఇంకో రొద. అయిదుకి తిప్పితే లేదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలని కోసి పంపుతుంది, ఆ కోత అంచులే ఈ జీర. ఇది వేరే జబ్బు. పాడేటప్పుడు ఫ్యాను ఎలాగూ ఆపుతాం.

మే 11
సామాన్ల షాపులో కుర్రాడి సలహా: "స్పీకర్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేయండి మేడమ్, అందరూ అదే చేస్తారు." హమ్ పోతుంది, నిజమే. అందుకే ఈ సలహా ఊరంతా తిరుగుతోంది.

ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూస్తే చాలు. పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడుగు, లావు. గుచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు తగులుతుంది, లాగేటప్పుడు అన్నిటికంటే చివర వదులుతుంది. లోపల ఫేజు వైరు ఊడి లోహపు ఒంటికి తగిలితే కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు కొట్టేయాలి. ఆ దారి కోసేస్తే ఆ కరెంటు మనిషి చెయ్యి కోసం కాచుకుని ఉంటుంది. కేబుళ్ల తొడుగుల గుండా ఆ ఒళ్లూ మైకు జాలీ ఒకటే. పెద్దమ్మ పెదాలు ఆ జాలీకి అంగుళం దూరంలో ఉంటాయి. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు సరైన ఎర్త్ లేని మైకు పట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. ఎర్త్ తీసి తెచ్చుకునే నిశ్శబ్దం నాకొద్దు.

మే 12
అన్నీ ఒకే స్పైక్ బస్టర్‌కి మార్చాను, అదీ ఒకే సాకెట్లోంచి. లాప్‌టాప్, దానికి మైకుని కలిపే ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ కలిపినా మిక్సీ అంత కరెంటు తాగవు. హమ్ చాలా తగ్గింది.

కేబుళ్లూ మార్చాను. పాత కేబుల్ పిన్ను మీద నల్ల గీత ఒకటే, కొత్త దాని మీద రెండు. ఆ రెండో గీతతో లోపల ఇంకో వైరుకి చోటు దొరుకుతుంది. పాట ఒక వైరులో సూటిగా, రెండో వైరులో తలకిందులుగా వెళ్తుంది. దారిలో చేరిన హమ్ మాత్రం రెంటిలోనూ ఒకేలా ఉంటుంది. స్పీకర్ ఆ రెంటి తేడానే తీసుకుంటుంది కాబట్టి పాట నిలుస్తుంది, హమ్ కొట్టుకుపోతుంది. ఎంత చక్కటి ఆలోచన!

మే 15
ఇంకా ఓ పిసరు మిగిలింది. కరెంటు పని చేసే బాబాయి మల్టీమీటరు తెచ్చాడు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే మామూలే. మాకు 18 చూపింది.

"ఎర్త్ గుంత చూశారా అమ్మాయ్, ఎండాకాలంలో?" అన్నాడు. పెరట్లో సిమెంటు మూత ఎత్తితే లోపలంతా ఎండి పగుళ్లిచ్చిన మట్టి, పైపు దగ్గర బోల్టు తుప్పుపట్టి పొరలు లేచింది. మెయిన్ ఆపి, బోల్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాడు. ఉప్పూ బొగ్గూ వేసి ఉన్న గుంతే, నీళ్లు లేవంతే. రెండు బిందెలు పోశాం. కాసేపాగి చూస్తే మీటరు రెండు వోల్టుల లోపే చూపింది. స్పీకర్ల మాట అటుంచి, ఇంట్లో ఫ్రిజ్జూ గీజరూ ఇన్నాళ్లూ ఆ తుప్పు బోల్టునే నమ్ముకుని ఉన్నాయి.

మే 17
హమ్‌ని సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు కదా అని తమ్ముడు. రికార్డింగులోకి ఎక్కిన హమ్ అయితే తీయొచ్చు. కానీ 100, 200, 300 దగ్గర కోతలు పెడితే ఆ పక్కనే ఉన్న తంబూరా స్వరాలు కూడా పలచబడతాయి. స్పీకర్ హమ్‌కి అదీ పనికిరాదు.

పెద్దమ్మ ఇవాళ రెండు లాలిపాటలు, ఒక అప్పగింతల పాట పాడింది. స్పీకర్లలో విని, రెండో లాలి చివర తన శ్రుతి కాస్త దిగిందని తనే పట్టుకుంది. రేపు మళ్లీ పాడుతుందట. ఎదురింటి వీణ టీచరుగారి కాంటాక్ట్ మైకుకీ ఇదే గోల. బాబాయిని సాయంత్రం అటు తీసుకెళ్లాలి. వానలు పడేదాకా గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి.