ఇద్దరి గుడారం

మానవుడు ఇల్లు కట్టుకొనుటకు ఎంతో ముందే నీడను వెదకుకొన్నాడు. చెట్టు నీడ, కొండ చరియ, పశుచర్మం, నేసిన వస్త్రం అతనికి కప్పులైనవి. ఆ వస్త్రపు కప్పునకు తెలుగులో గుడారమని పేరు. సంస్కృత పండితులు పటకుటీరమన్నారు. మా ఇండ్లలో పెద్దలు డేరా అనియు, తంబూ అనియు వ్యవహరిస్తారు. అరబ్బీలో అది ఖైమా. ఖయ్యామ్ అను పదం దానికి చుట్టమే. గుడారములు చేయువాడని అర్థం. రుబాయతుల కవి ఉమర్ ఖయ్యామ్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆ పేరులో ఒక సూదీ దారమూ దాగి ఉన్నవని మాత్రం కొందరికే తెలుసు.

ఈ ఉపోద్ఘాతానికి కారణమున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గుడారం కొన్నాము. ఇద్దరు పడుకొనుటకు సరిపోవునది. మడిచి వీపున మోసుకొని పోదగినది. బరువు రమారమి రెండున్నర కిలోలు, వెల ఏడు వేల రూపాయల పైచిలుకు. మా తల్లిగారు దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, "ఇల్లుండంగ డేరా ఎందుకు బేటా?" అన్నారు. ప్రశ్న చిన్నదే గాని, దానికి సమాధానం వెదకుటలో మాకు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు చాలవరకు పరిచయమైనవి. 2016లో ఆ రెండు జిల్లాలూ పలు జిల్లాలైనవి గాని, వానకు, ఎండకు, చలికి ఆ సరిహద్దులు పట్టవు.

ముందు దాని నిర్మాణం చెప్పవలెను. దీనికి రెండు పొరలు. లోపలిది దోమతెర వంటి జాలీ గుడ్డ. పైది నీరు దిగని గుడ్డ. రెంటికి నడుమ నాలుగు వేళ్ల ఎడం ఉంటుంది. ఆ ఎడమే గుడారమునకు ప్రాణం. నిద్రలో మనుష్యుడు విడుచు ఊపిరిలోని తేమ చల్లని పై గుడ్డకు తగిలి నీటి బొట్లగును. ఎడం ఉన్నందున ఆ బొట్లు ప్రక్కగా జారి నేలకు దిగును. పడుకొన్నవారి పై పడవు. చలి అని గాలి రంధ్రములన్నీ మూసినచో తెల్లవారుసరికి లోపల వాన కురిసినట్లే ఉంటుంది. తలుపు మూసిన వాడే తడుస్తాడనుట గుడారపు మొదటి నీతి.

ఇద్దరి గుడారమనగా భుజమునకు భుజం ఆనించి పడుకొను ఇద్దరికని గ్రహించవలెను. మా దాని వెడల్పు నాలుగుంబావు అడుగులు మాత్రమే. మా తోడు వచ్చు మిత్రులు ఉర్దూ శాఖాధ్యాపకులు. కళాశాలలో వారి గది ఒక కొసన, మా గది మరొక కొసన. పది సంవత్సరములు నమస్కారమునకు ప్రతినమస్కారముగా గడిచిన పరిచయం, ఒక్క రాత్రి వానలో స్నేహమైనది. ఒకరు ప్రక్కకు ఒత్తిగిలవలెనన్న రెండవవారు మేల్కొనవలసిన చోట మర్యాదలు ఎంతకాలం నిలుచును? గుడారంలో నిలువెత్తున నిలబడుటకు వీలు లేదు. వేకువ నమాజుకు వారు చాప పట్టుకొని బయటికి పోవునప్పుడు, మాకు నిద్రాభంగం కాకుండునట్లు తలుపు జిప్పును ఒక్కొక్క పన్ను చొప్పున తీసెడివారు. అట్టి ఓపిక ఉన్నవారితోనే ప్రయాణం చేయవలెను.

వానాకాలమున మా మొదటి పరీక్ష నేరడిగొండ దాపున జరిగినది. కుంతాల జలపాతం చూచి, ఒక రైతు అనుమతితో ఆయన చేను గట్టున గుడారం వేసినాము. ఆదిలాబాదు నల్లరేగడి విచిత్రమైన నేల. వేసవిలో పగుళ్లు వారి మేకును దిగనీయదు. వానలో మెత్తబడి దిగిన మేకును నిలువనీయదు. అందువలన మేకుల తలలపై రాళ్లు పెట్టవలసి వచ్చినది. అర్ధరాత్రి పై గుడ్డ తడిసి వదులైనది. నైలాన్ గుడ్డకు అది స్వభావం, తడిసిన సాగును. బయటికి వచ్చి తాళ్లు బిగించనిచో అది లోపలి పొరకు తగిలి, నాలుగు వేళ్ల ఎడమూ పోయి, నీరు దిగును. క్రింద పరచు పట్టా గుడారపు అంచులకంటే బయటికి రాకుండ చూచుకొనవలెను. వచ్చినచో వాననీటిని పట్టి పడక క్రిందికే తెచ్చును.

వాన రోజులలో నదిగర్భాన, వాగు ఒడ్డున బస చేయరాదని వేరే చెప్పవలెనా? కడెం ప్రాజెక్టు గేట్ల పైనుండి నీరు పొర్లిన 2022, 2023 జులై మాసములను ఈ ప్రాంతం వారు మరువలేరు. ఎగువ కురిసిన వాన దిగువ ఉన్న వానికి తెలియదు. కవ్వాల్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేక రాత్రి నిలువరాదనుటయు విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

చలికాలపు పాఠం వేరు. ఆదిలాబాదు అడవులలో కొన్ని ఏండ్లలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోవును. గుడారం గాలిని ఆపునే గాని వేడిని పుట్టించదు. చలి నేలనుండి వచ్చును గనుక పైన కప్పుకొను దానికంటే క్రింద పరచుకొనునది ముఖ్యం. గడ్డి పరచి దానిపై పట్టా వేసిన హాయిగా ఉండును. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర చూడబోయినప్పుడు, గోదావరి జలం కాలినడకన తెచ్చిన మెస్రం వంశీయులు మర్రిచెట్ల క్రింద బస చేసి ఉండగా చూచినాము. వారికి జాలీ లేదు, జిప్పు లేదు. చెట్టు ఉన్నది, జనమున్నది. లోపల కుంపటి మాత్రం ఎన్నడూ పెట్టరాదు. విషవాయువు నిద్రలోనే ప్రాణం తీయును. నిప్పు అపాయం చెప్పనే అక్కరలేదు. 1997లో మినాలో హాజీల గుడారములు కాలిన పిదపనే అక్కడ నిప్పంటుకొనని గుడారములు వెలసినవి.

వేసవిలో పగలు గుడారం రొట్టెల భట్టీయే. రామగుండం ఎండ ఎరిగినవారికి వివరింపనక్కరలేదు. ఎండ గుడ్డ నూలును బలహీనపరచును గనుక ఊరక పరచి ఉంచరాదు. తడి ఉండగా మడువరాదు. కాని వేసవి రాత్రి, జగిత్యాల మామిడితోటకు ఎడంగా, పై పొర తీసి జాలీ క్రింద పడుకొన్న సుఖం వేరు. గాలి వచ్చును, తేలు రాదు. ఒక గొర్రెలకాపరి మమ్ము చూచి, "గీ సంచిల ఇద్దరెట్ల పంటరు సారూ?" అని అడిగి, తన నల్ల గొంగడి చూపి, "ఇది తడిస్తె బరువైతది గని సలి పెట్టనియ్యది" అన్నాడు. ఉన్నికి ఆ గుణం నిజంగా కలదు. ఒంటరివాని గుడారం గొంగడియేనని మాకు తోచినది.

ఒక ఏప్రిల్ మాసాన, గాలివాన వెలసిన మరునాడు, జాతీయ సేవా పథకం విద్యార్థులతో పెద్దపల్లి ప్రాంతమున ఒక ఇటుకబట్టీకి పోయినాము. ఒడిశా నుండి వలస వచ్చిన కూలీలు పచ్చి ఇటుకలు పేర్చి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి కాపురముంటున్నారు. ఒక తల్లి ఎగిరిపోయిన పట్టాను తిరిగి కట్టుచున్నది. ఆమె గుడిసెలో మాత్రం నీరు చేరలేదు. వాన రాకముందే చుట్టూ కాలువ తీసినది. మా గుడారం సంగతి విద్యార్థులు చెప్పగా, వచ్చీరాని తెలుగులో, "ఊరికే అందులో పడుకుంటారా?" అని అడిగినది. అవునన్నాము. ఆమె నవ్వినది. ఆ నవ్వులో ఎగతాళి లేదు గాని, మాకు వినోదమైనది ఆమెకు ఆరు నెలల బ్రతుకని అప్పుడు తెలిసినంత స్పష్టంగా ఏ పుస్తకమూ మాకు తెలుపలేదు.

ఆ వారమే విద్యార్థులు చందాలు వేసుకొని మందమైన టార్పాలిన్లు కొని యిచ్చినారు. తాడు బిగించు ముడి ఆమెకు చూపవలెనని మేము ముందుకు పోయినాము. ఆమె మా ముడిని ఒక్క లాగున విప్పి, తన ముడి వేసి చూపినది. ఇప్పుడు మా గుడారమునకు ఆ ముడియే వేయుచున్నాము. ఎంత గాలికైనను జారుట లేదు.