దూకొద్దు, విసరండి

మా మధురానగర్‌లో చెరువు లేదు, నది లేదు. మెట్రో స్టేషన్ ఉంది, సందుకి నాలుగైదు హాస్టళ్లున్నాయి, రెండడుగులు వేస్తే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లున్నాయి. నీళ్ల ప్రమాదాల గురించి ఆదివారం సెల్లార్‌లో కూర్చుని మాట్లాడుకుందాం అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే, "ఇక్కడ నీళ్లెక్కడివండీ, ట్యాంకర్ కోసమే రోజూ తిప్పలు పడుతున్నాం కదా" అన్నారొకరు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ సెలవు రోజు రిజర్వాయర్ల దగ్గరికి వెళ్లే బైకులు బయల్దేరేది మా సందుల్లోంచే.

శుక్రవారం రాత్రి టీ బండి దగ్గర నిలబడితే ఆ మాటలు చెవిన పడతాయి. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి కోర్సు నేర్చుకుందామని వచ్చిన పిల్లలు. వారమంతా ఇరుకు గదిలో ముగ్గురో నలుగురో సర్దుకుంటారు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని ఆదివారం వచ్చేసరికి వాళ్లకి కంటినిండా నీళ్లు చూడాలనిపిస్తుంది. గండిపేట, కోట్‌పల్లి, కొండపోచమ్మ సాగర్, నాగార్జున సాగర్, వానాకాలమైతే బొగత. ఆ వయసులో ఆ కోరిక లేకపోతేనే బెంగపడాలి. వెళ్లొద్దని చెప్పడం నాకెప్పుడూ ఇష్టం లేదు. ఎలా వెళ్లాలో, వెళ్లినచోట ఏదైనా జరిగితే ఏం చేయాలో ఎవరూ చెప్పకుండా పంపిస్తున్నామే అన్నదే నా బాధ.

2025 జనవరి 11, సంక్రాంతి సెలవుల శనివారం. హైదరాబాద్ నుంచి ఏడుగురు కుర్రాళ్లు సిద్దిపేట జిల్లాలోని కొండపోచమ్మ సాగర్‌కి వెళ్లారు. ఇద్దరు తిరిగొచ్చారు. అది కాళేశ్వరం పథకంలో కట్టిన 15 టీఎంసీల రిజర్వాయర్. ఊరి చెరువు అంచున మోకాళ్లు, నడుము, ఛాతీ అంటూ లోతు మెల్లగా తెలుస్తుంది. ఇలాంటి కట్టల మీద ఆ హెచ్చరిక ఉండదు. లోపలి వైపు రాళ్లు ఏటవాలుగా పరిచి ఉంటాయి, నీటి అడుగున వాటికి నాచు పట్టి ఉంటుంది. ఒక్క అడుగు జారితే తరవాతి అడుగుకి నేల అందదు. జారినవాడిని అందుకోబోయిన మిత్రుడి కాలు కూడా అదే నాచు మీద పడుతుంది.

అదే ఏడాది మే 26న కోనసీమలో, ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర గోదావరిలో ఎనిమిది మంది యువకులు పోయారు. జూన్ 15న బాసరలో పుణ్యస్నానానికి దిగిన హైదరాబాద్ యువకులు ఐదుగురు. ఈ వార్తల్ని పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఊళ్లు వేరు, నీళ్లు వేరు. చనిపోయింది మాత్రం ఒక్కొక్కరు కాదు, గుంపులు గుంపులు. ఇలాంటి గుంపు చావుల్లో మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే. ఒకడు మునుగుతుంటే రెండోవాడు దిగుతాడు, రెండోవాడి కోసం మూడోవాడు. పొగరుతోనో మత్తుతోనో పోయారని తేల్చేసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. వాళ్లలో చాలామంది ప్రేమతో పోయారు.

మన పెంపకంలో ఒడ్డున నిలబడ్డవాడికి గౌరవం లేదు. స్నేహితుడు నీళ్లలో ఉంటే చొక్కా విప్పి దూకినవాడే మగాడు. సినిమాలో హీరో దూకుతాడు, పట్టుకుంటాడు, పైకి తెస్తాడు. ఆ ప్రేమని తగ్గించమని ఏ పిల్లాడికీ చెప్పలేను, చెప్పకూడదు కూడా. దాని చేతికి ఒక పనిముట్టు ఇవ్వాలి. ఇది నాకు పుస్తకం చదివి తట్టింది కాదు, మా సెల్లార్‌లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నది.

ఆయన నగరంలోని ఒక ఈత కొలనులో ఏళ్ల తరబడి కోచ్‌గా పనిచేసి మానేశారు. మా పిలుపు మీద వచ్చారు. అపార్ట్‌మెంట్ వాళ్లకన్నా పక్క హాస్టళ్ల పిల్లలే ఎక్కువమంది చేరారు, టిఫిన్ ఉందని చెప్పాం మరి. ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "ఈత వచ్చినోళ్లు చేతులెత్తుండ్రి" అన్నారు. చాలా చేతులు లేచాయి. "మా ఊరి బాయిల నేర్చుకున్న సార్" అన్నాడొకడు గర్వంగా. "మంచిగున్నది. మునిగేటోణ్ణి పట్టుకొని ఒడ్డుకు తెచ్చినోళ్లు ఎంతమంది?" ఒక్క చేయీ లేవలేదు. "గది వేరే విద్య తమ్మీ. ఈత వేరే, మనిషిని తెచ్చుడు వేరే. నీళ్లల్ల ఉన్నోడు నీ దోస్తే. గానీ ఊపిరాడని టైమ్‌ల నువ్వు ఆయనకు దోస్తువు గావు, మెట్టువు. నీ మీద ఎక్కుతడు. ఆయన తప్పు గాదు, పానం అట్ల చేయిస్తది."

ఆ తరవాత మా అందరి ఇళ్లలో మూలన పడి ఉండే ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ ఒకటి తెప్పించారు. మూత బిగించి, మెడకి తాడు ముడేసి, "ఇది ఇద్దరిని తేలుస్తది" అన్నారు. మాకు నమ్మబుద్ధి కాలేదు. లెక్క చెప్పారు. మూత బిగించిన ఖాళీ క్యాన్‌ని నీళ్లు దాదాపు ఇరవై కిలోల బలంతో పైకి తోస్తాయి. మనిషి ఒళ్లు చాలావరకు నీళ్లే మోస్తాయి కాబట్టి తల పైకి ఉండడానికి కొద్ది కిలోల ఊతం చాలు. దూరం విసరాలంటే ఐదు లీటర్ల నూనె క్యాన్ ఇంకా నయం. అందులో గ్లాసెడు నీళ్లు పోస్తే గాలికి పక్కకి పోకుండా నేరుగా వెళ్తుంది.

ఒక కుర్రాణ్ణి సెల్లార్ ఆ చివర పడుకోబెట్టి వంతులవారీగా విసిరించారు. కుర్రాళ్లంతా క్రికెట్ బంతిలా భుజం మీంచి విసిరారు. క్యాన్ సగం దూరంలోనే పడి దొర్లిపోయింది, ఒకసారి స్కూటర్‌కి తగిలింది. మూడో అంతస్తులో ఉండే ఒకావిడ చీర కొంగు దోపుకుని, చేయి కిందినుంచి ఊపి విసిరారు. అది పడుకున్నవాడి తల దాటి అవతల పడింది. "గదీ! మనిషి మీదికి గాదు, మనిషిని దాటి ఏయాలె. తాడు ఆయన మీద పడ్తది, గుంజితే క్యాన్ చేతిలకొస్తది" అని కోచ్ చప్పట్లు కొట్టారు. లాగేటప్పుడు నిలబడకూడదట, నేల మీద బోర్లా పడుకోవాలి. లేకపోతే మనల్నే లోపలికి లాగేస్తుంది. తాడు లేకపోతే చున్నీ, లుంగీ, రెండు ప్యాంట్లు కలిపి ముడేసినా సరే, చెట్టు కొమ్మ అయినా సరే. ఒకరు విసురుతుంటే ఇంకొకరు 112కో 108కో ఫోన్ చేయాలి, మరొకరు మునిగిన చోటు మీంచి చూపు తిప్పకూడదు. పడవలో అయితే లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టుకోవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు ముందుగా చేరుకుని మనుషుల్ని పైకి లాగింది నాటు పడవల్లో వచ్చిన చుట్టుపక్కల పల్లెవాళ్లే. పోలీసులు, ఈతగాళ్లు వచ్చేలోపు ఎక్కడైనా ఆదుకునేది పక్కనున్నవాళ్లే.

2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్లు మునుగుతుంటే ముగ్గురు ఆడవాళ్లు ఒంటి మీది చీరలు విప్పి విసిరారు. ఇద్దర్ని ఒడ్డుకు లాగారు. ఆ రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకి కల్పనా చావ్లా అవార్డు ఇచ్చింది. మిగిలిన ఇద్దరూ దక్కలేదు. మా హాస్టల్ పిల్లలకి నేను చెప్పే కథల్లో హీరోలు ఇప్పుడు ఆ ముగ్గురే.

సినిమాలు నేర్పిన ఇంకో అబద్ధాన్ని కూడా ఆ రోజు వదిలించుకున్నాం. మునిగేవాళ్లు చేతులూపుతారు, కాపాడండని కేకలేస్తారు అనుకుంటాం. చాలాసార్లు శబ్దమే ఉండదు. ఊపిరికే దిక్కులేనప్పుడు కేకకి గాలి ఎక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి మునిగి తేలుతుంటుంది. చేతులు పైకి లేవవు, నీళ్లని కిందికి అదుముతుంటాయి. ఆ స్థితిలో పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లు. ఫోటోలు తీసుకుంటున్న గుంపు పక్కనే ఒకరు పోతారు, ఆడుకుంటున్నాడు అనుకుంటారు. అందుకే గుంపులో ఒకరు నీళ్లలో దిగకుండా, ఫోన్ చూడకుండా ఒడ్డునే కాపు ఉండాలి. పిల్లలు ఈ కాపుని వంతులేసుకుంటామని ఒప్పుకున్నారు.

ఇక డ్యామ్ కింద నది. 2014 జూన్ 8. బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి కాలేజీ విద్యార్థులు హిమాచల్ టూర్‌లో మండి జిల్లా తలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి బండల మీద ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ మనిషి కొట్టుకుపోయారు. ఆ వయసు పిల్లలున్న ఏ హైదరాబాదీ తల్లి ఆ వారం నిద్రపోయింది? అక్కడ ఈతా పనికిరాదు, క్యాన్ కూడా పనికిరాదు. డ్యామ్ దిగువన ఎండిపోయిన ఇసుక, బండలు కనిపిస్తే అది నేల కాదు, నది పడకే. ఆకాశంలో మబ్బు లేకపోయినా వరద రావచ్చు. ఆ ఒక్కటి గుర్తుంచుకోమని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్పమని కోచింగ్ సెంటర్ల వాళ్లని అడుగుతున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ప్రపంచమంతటా నీట మునిగి పోయినవాళ్లు దాదాపు 3 లక్షలు. అందులో దాదాపు నాలుగోవంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఏటా జులై 25ని నీటి ప్రమాదాల నివారణ దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కూడా అదే 2021లో. ఐదేళ్లలోపు పిల్లలు రిజర్వాయర్లకి బైకు మీద పోరు కదా. వాళ్లు పోయేది ఇంటి దగ్గరే. ఈ మాట విన్నాకే నేను మా సెల్లార్‌ని కొత్తగా చూశాను.

మా అపార్ట్‌మెంట్లలో సంపు సెల్లార్‌లోనే ఉంటుంది. వాచ్‌మన్ గది దాని పక్కనే. రెండడుగుల చదరపు ఇనప మూత, కింద నిలువెత్తు నీళ్లు. ట్యాంకర్ వస్తే మూత తీసి పైపు దింపుతారు. వాచ్‌మన్ మోటారు దగ్గరా, భార్య పై అంతస్తుల్లో పనిలో, రెండేళ్ల పాప సెల్లార్‌లో. "మూత ఎందుకు తీసి పెడతారు?" అని ఆమెని అడిగాను. "బరువమ్మా. నీళ్లు ఎంతున్నయో చూడమని పొద్దుగాల నుంచి ఫోన్లే. ఎన్నిసార్లని లేపుతం? అందుకే పక్కకు జరిపి పెడ్తం" అంది. ఆ జవాబులో నిర్లక్ష్యం నాకెక్కడా కనబడలేదు, నడుం నొప్పి కనబడింది. హాస్టళ్లలో అయితే పెద్దవాళ్లకీ గండమే. 2024 ఏప్రిల్‌లో రాయదుర్గం అంజయ్యనగర్‌లోని ఒక హాస్టల్‌లో తెరిచి ఉన్న సంపులో పడి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు చనిపోయాడు.

వెల్డింగ్ షాపు అతన్ని పిలిచి మూత కింద ఇనప జాలీ ఒకటి బిగించి తాళం వేయించాం. ట్యాంకర్ పైపు పట్టేంత రంధ్రం ఒకటే వదిలాడు. నీటి మట్టం పైనుంచే తెలిసేలా చిన్న సెన్సర్ పెట్టించాం, ఇప్పుడు మూత ఎత్తే పనే తగ్గింది. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నదానికి మాత్రం మీటింగులో గంట వాదన జరిగింది! బాత్రూమ్‌లో బకెట్ సంగతీ చెప్పుకున్నాం. పసిపిల్లలకి తల బరువు ఎక్కువ, బకెట్‌లోకి వంగి బోల్తా పడితే లేవలేరు. జానెడు నీళ్లు చాలు. రాత్రి బకెట్లు బోర్లించడం మా ఇంట్లో అలవాటైంది.

బయటికి తీసిన మనిషికి ఏం చేయాలన్నది ఇంకా సాధనలోనే ఉంది. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు. వాటివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే ముందు నోటితో శ్వాస ఇవ్వాలి, తరవాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, 30 నొక్కులకి 2 శ్వాసల చొప్పున. మునిగినవాళ్లకి కరువైంది గాలి కాబట్టి ఇక్కడ శ్వాస మానేసి నొక్కుళ్లతోనే సరిపెట్టకూడదు. మొహమాటపడకుండా బొమ్మ మీద చేయడానికి మా ఆడవాళ్లకి కొంత సమయం పట్టింది.

వాన నీళ్ల గురించి ఒక మాట. పెద్ద వాన పడితే పై నుంచి నీళ్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ దాటుకుని మా వైపుగా మైత్రీవనం చేరతాయి. కృష్ణానగర్‌లో బైకులు కొట్టుకుపోవడం ఏటా టీవీల్లో చూస్తున్నదే. మోకాలి లోతు పారే నీళ్లు మనిషిని పడేయగలవు, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లిన చిన్నపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడిపోయింది. ఆ పాలు అరగంట ఆగితే ఏమయ్యేది అని ఆ తల్లిదండ్రుల్ని అడిగే హక్కు ఎవరికీ లేదు. మూత ఎందుకు లేదన్నదే అడగాలి, అడుగుతూనే ఉండాలి.

ఇప్పుడు మా సందు చివర కొత్త అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ తవ్వి వదిలారు. వానకి గుంట నిండింది. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఆ గట్టు మీదే ఆడుకుంటున్నారు. మేస్త్రీని కలిస్తే, "ఆరు దాటినంక రండి మేడమ్, అప్పుడైతేనే దొరుకుతరు. తెలుగు రాదు వాళ్లకు" అన్నాడు. పక్క హాస్టల్‌లో ఇచ్ఛాపురం నుంచి వచ్చిన నర్సింగ్ అమ్మాయికి ఒడియా బాగా వచ్చు. "నేను చెప్తాను ఆంటీ, క్యాన్ కూడా తెస్తాను" అంది. గుంట చుట్టూ రేకులు కట్టాకే మాటలు మొదలుపెడతామని మేస్త్రీకి చెప్పాం. మూడు వైపులా కట్టారు. నాలుగోవైపు ఇసుక కుప్ప అడ్డంగా ఉందట, దాన్ని జరిపించమని బిల్డర్‌కి రోజూ ఫోన్ చేస్తున్నాం.