శ్రీశైలం కాలిబాటలో...

శివరాత్రికో ఉగాదికో ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్లాలనుకుంటున్నారా? వెంకటాపురం దాటితే నల్లమల అడవే. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం – పేర్లు వినడానికి ముచ్చటగానే ఉంటాయి!

ఎక్కుడే కష్టమనుకుంటారు గాని, మోకాళ్లకు దెబ్బ దిగుడులోనే. భీముని కొలను లోయలోకి చేతికర్ర ఆనించి, చిన్న అడుగులతో దిగండి. అవతలి మెట్లు మిట్టమధ్యాహ్నం ఎక్కకండి.

నాతో నడిచిన ఒక పెద్దాయన ఆ మెట్ల మొదట్లో కూలబడి, కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగారు. అలసట అనుకున్నాడు కొడుకు. కాదు, వడదెబ్బ. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెమట పడుతున్నా సరే, అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి. వైద్యుని కోసం మనిషిని పరుగెత్తించండి. తెలివి లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. ఆయనను నలుగురం మోసుకుని సకాలంలో చేర్చగలిగాం.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి, దారి పొడవునా కొంచెం కొంచెం తాగండి. కొలతలు సరిగ్గా ఉండాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకోకండి. ముల్లు దిగినా తెలియని పాదాలవి. మజిలీ మజిలీకి అరికాళ్లు చూసుకోండి.