నంబరు ప్లేటు లేని కారు

సబ్బవరంలో మా వీధి చివరి వెల్డింగ్ షెడ్డులో మామూలుగా తయారయ్యేవి ఇంటి గేట్లు, కిటికీ ఊచలు, ట్రాక్టరు తొట్లు. వానలు వెనకబట్టాక ఓ సాయంత్రం అటు వెళితే, షెడ్డు నడిమధ్య సన్నటి పైపులతో అల్లిన బోను ఒకటి బల్లకు బిగించి ఉంది. మా తమ్ముడి కొడుకూ, వాడి ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితులూ కడుతున్న రేసు కారు అది. ఒక్కటే సీటు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయంలో జనవరి నెలలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి దాన్ని తీసుకెళ్ళాలని పిల్లల తాపత్రయం. కాలేజీ వర్క్‌షాపుకు పొద్దుగూకేసరికి తాళం పడుతుంది కాబట్టి రాత్రిళ్ళు ఈ షెడ్డే దిక్కు.

మేస్త్రీకి మాత్రం ఆ బోను మీద నమ్మకం కుదరలేదు. "ఏటి బాబూ ఈ గొట్టాలు! మా గేట్లకే ఇంతకన్నా మందం ఏస్తాం. దీన్లో మనిసిని కూకోబెట్టి వందలో తోల్తారా?" అన్నాడు. బరువుంటేనే బలమని ఆయన లెక్క. కారు కొనేవాళ్ళలో చాలామంది లెక్కా అదే. తలుపు వేస్తే ధన్‌మని మోగితే తప్ప బండి గట్టిదని ఒప్పుకోరు. మావాడు సుద్దముక్కతో నేలమీద నలుచదరం గీసి, మూల పట్టుకు తోస్తే ఇది వాలిపోతుందన్నాడు. దానికి ఏటవాలుగా ఇంకో గీత గీసి, రెండు త్రిభుజాలయ్యాయి, ఇప్పుడు ఎటు తోసినా కదలదన్నాడు. మేస్త్రీ కాసేపు చూసి, "రైసుమిల్లు రేకుల కింద ఏసే ట్రస్సులాటిదే కదేటి! ముందే అలా సెప్పొచ్చు కదా," అని వెల్డింగ్ టార్చి అందుకున్నాడు. ఆ తరవాత ఏ పైపు దండగో పిల్లలకు ఆయనే చెప్పడం మొదలెట్టాడు.

బోను పూర్తయ్యాక పక్కనున్న పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టారు. 34 కిలోలు తూగింది. కొట్టు యజమాని అలవాటు కొద్దీ కిలోకి రేటు కూడా చెప్పేశాడు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం మా ఊరికి దగ్గరే. కానీ అక్కడ పోసేది కడ్డీలూ, వైర్ రాడ్లూ, యాంగిళ్ళ వంటి పొడుగాటి సరుకు. ఇంత పలచటి గోడలున్న అతుకులేని గొట్టం కావాలంటే బయటినుంచి తెప్పించుకోవలసిందే.

కారు లారీలో ముందు వెళ్ళిపోయింది. పిల్లలతో పాటు నేను బొకారో ఎక్కాను. ధన్‌బాద్ నుంచి అలప్పుళ పోయే ఆ రైలును మా వైపు ఇంకా పాత పేరుతోనే పిలుస్తాం. పెద్దదిక్కుగా ఉంటానని ఇంట్లో చెప్పానుగానీ నన్ను లాగింది యంత్రాల మనిషి జి.డి. నాయుడి ఊరు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ఇప్పుడు 10.1 కిలోమీటర్ల పొడుగున ఎత్తైన వంతెన ఉంది. 2025 అక్టోబరులో తెరిచారు, పేరు జి.డి. నాయుడు వంతెన. వీధుల పేర్లలోంచి కులం తీసెయ్యాలని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజుల్లోనే ఈ పేరు పెట్టడంతో కొంత రగడ కూడా జరిగింది. ఈ ప్రాంతంలో ఎన్నో తరాల కిందట స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో నాయుడిది ఒకటి. ఇలాంటి ఇళ్ళలో ఇంకా తెలుగే మాట్లాడతారు, రాసేది మాత్రం తమిళం. మేం దిగిన లాడ్జి పెద్దాయన మా యాస విని, "మీది ఆంధ్రాలో ఏ పక్క?" అని అడిగాడు. ఆయన తెలుగు నాకు మా తాతల కాలం నాటిదిలా వినిపించింది. మా పిల్లల తెలుగు ఆయనకు సగం ఇంగ్లీషులా వినిపించి ఉంటుంది.

నాయుడు 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. బడి చదువు ఒంటబట్టలేదు. ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద పోతుంటే చూసి, దాన్ని కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరొచ్చి హోటల్లో సర్వరుగా చేరాడు. డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నాడు. కొన్నాక ఊరేగలేదు, దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాడు. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. 1930లు వచ్చేసరికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసు కింద వందల బళ్ళు తిరిగాయి. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే విద్యుత్తు మోటారు తయారు చేయించాడు. ఎలక్ట్రిక్ రేజరు, పళ్ళరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, ఇలా ఆయన చెయ్యి పెట్టనిది లేదు. ఇంజనీరింగ్ కాలేజీ పెట్టడానికి సాయం చేశాడు, నాలుగేళ్ళ చదువు దండగని దానితోనే పోట్లాడాడు. ఈ ముక్క చెప్పగానే నాలుగో ఏడు చదువుతున్న మావాడు, "పెదనాన్నా, ఆయన మా ప్రిన్సిపాల్ అయ్యుంటే బాగుణ్ణు" అన్నాడు.

ఆ రోడ్డు మీదే ఉంది గేదీ కార్ మ్యూజియం. నాయుడి పేరిట నడిచే ధర్మసంస్థ 2015లో తెరిచింది. బెంజ్ తొలి మూడు చక్రాల బండికి నమూనా, ఫోర్డ్ మోడల్ టి, ఫోక్స్‌వాగన్ బీటిల్, ఇంకా చాలా ఉన్నాయి. పిల్లలు మెరిసేవాటి దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను మోడల్ టి దగ్గరే నిలబడిపోయాను. 1908లో మొదలైన ఆ కారు బరువు సుమారు 540 కిలోలు, సత్తువ 20 గుర్రాలు. వెనేడియం కలిపిన ఉక్కు దొరికింది గనక భాగాలను సన్నగా చేసి కూడా గట్టిగా నిలబెట్టాడు ఫోర్డ్. మా షెడ్డు మేస్త్రీని తీసుకొచ్చి చూపించవలసింది దీన్ని.

నాయుడు కూడా కారు కట్టాడు. రెండు సీట్ల పెట్రోలు బండి, 1952లో బయటికొచ్చింది, ధర 2,000 రూపాయలు. దాన్ని తయారు చెయ్యడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అక్కడితో ఆగిపోయింది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడే, మే 8న. ఎవరు ఏం తయారు చెయ్యాలో, ఎన్ని తయారు చెయ్యాలో ఢిల్లీలో నిర్ణయమయ్యే కాలం మొదలైంది. కార్ల మీద ఆ లైసెన్సు 1993 దాకా పోలేదు. నాయుడు 1974లోనే పోయాడు.

ఆయన కారు గొప్పదై ఉండేదని నేను వాదించను. రెండు వేల బండి ఘాట్ రోడ్డు ఎక్కుతుందా, వానకు ఆగుతుందా అన్నది కొన్నవాడు తేల్చాల్సిన సంగతి. ఆ కొనేవాడి దాకా దాన్ని వెళ్ళనివ్వలేదన్నదే నా కష్టం. 2008లో టాటాలు లక్ష రూపాయల నానోను చూపించినప్పుడు దేశమంతా అబ్బురపడింది. దాన్ని జనం వద్దన్నారు, నిజమే. కానీ వద్దన్నది జనం.

ఇదే ఊరి ఇంకొకాయన వేరే దారి పట్టాడు. ఎస్. కరివర్ధన్, లక్ష్మీ మిల్స్ కుటుంబం వాడు, అందరూ కరి అనేవారు. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో నడిపినవాడు. ఖరీదైన విదేశీ కార్లు తెచ్చుకోగలిగినవాళ్ళకే రేసులు పరిమితం కావడం చూసి, 1980ల చివర ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు కారు కట్టాడు. పైపుల ఫ్రేము, ఫైబరు ఒళ్ళు, వెనక మారుతి 800 ఇంజిను. మూడు సిలిండర్ల, 796 సీసీల ఆ ఇంజిను 40 గుర్రాలకు అటూ ఇటూ ఇచ్చేది. ఏ ఊళ్ళో పాడైనా దాని భాగాలు సందు చివరి దుకాణంలో దొరుకుతాయి. నరైన్ కార్తికేయన్ మొదటి రేసు ఈ కారులోనే. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడు ఆయనే. కరి అదంతా చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు.

నాయుడికి కుదరనిది కరికి ఎలా కుదిరింది? తెలివిలో తేడా కాదు. కరి కార్లు రోడ్డెక్కలేదు. ట్రాక్ మీద తిరిగే బండికి నంబరు ప్లేటు అక్కర్లేదు, ఆర్టీవో ఆఫీసుతో పనిలేదు. మన దేశంలో తేలికపాటి స్పోర్ట్స్ కారు బతికిన చోటు రోడ్డు కాదు, గోడ కట్టిన ఆ రెండు కిలోమీటర్ల తారు. లైసెన్సులు పోయాక గోవా నుంచి శాన్ స్టార్మ్, అలీబాగ్ దగ్గర్నుంచి చింకారా రోడ్‌స్టర్ అని రెండు సీట్ల ఫైబరు కార్లు వచ్చాయి. చూసినవాళ్ళు తక్కువ, కొన్నవాళ్ళు మరీ తక్కువ. ఇప్పుడు అడ్డం పడేది లైసెన్సు కాదు, పరీక్షలు. రోడ్డు మీద అమ్మే మోడలుకు పుణె ఏఆర్ఏఐ వంటి సంస్థల ఆమోదం కావాలి, గుద్ది చూపించడానికి కార్లు బలిపెట్టాలి. లక్ష కార్లు అమ్మేవాడికి అది చిల్లర ఖర్చు, ఇరవై కార్లు అమ్మేవాడికి ఇల్లు గుల్ల. ప్రాణాల విషయంలో ఆ పరీక్షలు వద్దనలేం. అయితే బ్రిటన్‌లో ఒక్కొక్క బండిని విడిగా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. కేటర్‌హామ్ అనే చిన్న కంపెనీ తన సెవెన్ కారును ఇంట్లో బిగించుకోమని విడిభాగాలుగా కూడా అమ్ముతుంది. అందులో 170 అనే రకం బరువు 440 కిలోలే, ఇంజిను 660 సీసీల సుజుకి, మూడు సిలిండర్లే! కరి ఎంచుకున్న ఇంజినుకు దాయాది. ఆ కారుకు నంబరు ప్లేటుంది. మన దగ్గర ఫ్యాక్టరీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండి కూడా చెల్లదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, ఇక షెడ్డులో పుట్టిన బండి మాట చెప్పేదేముంది.

చెట్టిపాళయం ట్రాక్ పేరు కరి మోటార్ స్పీడ్‌వే. పొడవు 2.1 కిలోమీటర్లు. తాటిచెట్లూ పొలాలూ దాటి లోపలికి వెళితే షెడ్ల కింద వరసగా కళాశాలల బళ్ళు, ఒక్కోదాని చుట్టూ నిద్రలేని పదిహేను మొహాలు. ప్రతి జట్టూ ఒక చిన్న కార్ల కంపెనీ అనుకోవాలన్నది పోటీ నియమం: కారు నడిపితే చాలదు, దాని ఖర్చు లెక్కలు చూపాలి, ఎలా అమ్ముతారో చెప్పాలి, ఈ పైపు ఇక్కడే ఎందుకుందని అడిగితే జవాబివ్వాలి.

అసలు గండం తనిఖీ. ఇంజిను 710 సీసీలు దాటకూడదు. పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల బెజ్జంలోంచే పోవాలి. మావాళ్ళది కేటీఎం మోటారు సైకిలు నుంచి తీసిన 373 సీసీల ఇంజిను. డ్రైవరు బెల్టులన్నీ బిగించుకుని కూర్చుని, చెప్పగానే అయిదు సెకన్లలో బయటపడాలి. మావాడు మొదటిసారి స్టీరింగు ఊడదీయడంలో తడబడ్డాడు, రెండోసారి దూకాడు. తరవాత కారును డ్రైవరుతో సహా ఒక బల్ల మీద ఎక్కించి 60 డిగ్రీలు వాల్చారు. చక్రం లేవకూడదు, చుక్క నూనె కారకూడదు. బల్ల లేస్తున్నంతసేపూ నా అరచేతులు చెమటలు పట్టాయి. వాడు లోపల నవ్వుతున్నాడు. శబ్దం కొలిచారు. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి, ముందువి రెండే బిగిశాయి. రాత్రంతా ఆ పైపుల్లో గాలి తీసి, పొద్దున మళ్ళీ తెచ్చి నెగ్గారు. మొత్తం కారు 228 కిలోలు తూగింది. పక్క జట్టుది 260 అని తెలిసి మావాళ్ళు కాలరెగరేశారు.

75 మీటర్ల పరుగు, ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం బాగానే అయ్యాయి. చివరిది 22 కిలోమీటర్ల ఓర్పు పరీక్ష, సగంలో డ్రైవరు మారాలి. మొదటి సగం మావాడు శుభ్రంగా నడిపాడు. దిగాడు, రెండోవాడు ఎక్కాడు, మీట నొక్కాడు. టిక్కు టిక్కుమంది తప్ప ఇంజిను అందుకోలేదు. వేడెక్కిన ఇంజినును తిప్పడానికి బ్యాటరీ చాలలేదు. బరువు తగ్గించాలని అందులో చిన్నది పెట్టారు, ఆదా అయింది రెండు కిలోలు. ఇచ్చిన గడువు అయిపోయింది, జెండా ఊపేశారు. ఫోనులో విన్న మేస్త్రీ, "అంత సేసి బేటరీ కాడ పిసినారితనం ఏటి!" అని మావాణ్ణి వాయించేశాడు.

తిరుగు ప్రయాణానికి కారును లారీ ఎక్కిస్తుంటే బుకింగ్ గుమస్తా కాగితం మీద సరుకు పేరు రాయాలన్నాడు. కారు అని చెప్పారు పిల్లలు. అయితే ఆర్సీ, ఇన్సూరెన్సు ఇవ్వమన్నాడు. లేవన్నారు. నంబరు? లేదు. గుమస్తా ఓసారి బండి చుట్టూ తిరిగి చూసి, "ఇనుప ఫ్రేము 1, పాత ఇంజిను 1, టైర్లు 4" అని రాసి సంతకం పెట్టమన్నాడు. మావాడు పెట్టాడు, పాత అన్న మాట మాత్రం కొట్టేయించాడు.