క్లోజ్డ్ అంటే బాగుచేసినట్టేనా?

టెండర్ల గురించి మాట్లాడితే మన సాఫ్ట్‌వేరు జనాలకి ఆవలింతలొస్తాయి. అది సేల్స్ వాళ్ళ గొడవ, లీగల్ వాళ్ళ గొడవ. సంతకాలయ్యాక మన దాకా వచ్చేది ఒక స్కోప్ డాక్యుమెంటు, ఒక గడువు, వారానికో స్టేటస్ కాల్. అంతే. కానీ మనం రాసే కోడులో ఏ కాలమ్ ఉండాలో, ఏది అక్కర్లేదో చాలావరకు ఆ టెండరు కాగితాల్లోనే తేలిపోతుంది. ఈ మధ్య ఒక ప్రాజెక్టులో ఆ సంగతి దగ్గర్నుంచి చూశాను. అందుకే ఈ సోది. ఓపికున్నవాళ్ళు చదవండి :)

ప్రాజెక్టు ఇంగ్లాండులో ఒక హౌసింగ్ అసోసియేషన్‌ది. పేరు చెప్పను, ఉద్యోగం కావాలి కదా. నేనుండేది గచ్చిబౌలిలో. నేను డేటా తరలించే ఇళ్ళని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

ముందు ఈ హౌసింగ్ అసోసియేషన్ సంగతేంటో చెప్పాలి. ఇంగ్లాండులో సోషల్ హౌసింగ్ కింద దాదాపు 40 లక్షల ఇళ్ళున్నాయి. రమారమి ఆరు కుటుంబాల్లో ఒకటి వీటిల్లోనే ఉంటుంది. కొన్ని కౌన్సిళ్ళవి, మిగతావి ఇలాంటి అసోసియేషన్లవి. అద్దె మార్కెట్ కంటే తక్కువ. మన ఇందిరమ్మ ఇళ్ళలాగా లబ్ధిదారుడి పేరున ఇల్లు వచ్చేసే పద్ధతి కాదు. ఉండేవాళ్ళు అద్దెకుంటారు, ఇల్లు సంస్థదే. కాబట్టి పైకప్పు కారినా, బాయిలరు పాడైనా, గోడకి చెమ్మెక్కినా దశాబ్దాల తరబడి బాగుచేయించే బాధ్యత సంస్థదే. గ్యాస్ పరికరాలుంటే ఏటా తనిఖీ చేయించడం చట్టప్రకారం తప్పనిసరి. ఇన్నివేల ఇళ్ళకి ఇదంతా గుర్తుపెట్టుకోవాలంటే డేటా కావాలి. ఆ డేటాని చూసుకోడానికి ఒక కంపెనీ కావాలి. ఆ కంపెనీని ఎంచుకోడానికి టెండరు పిలుస్తారు. అక్కడ మొదలవుతుంది మన కథ.

మాకొచ్చిన పని చాలా మామూలుది. రిపేర్ల పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి పదేళ్ళ రికార్డులు తరలించాలి. అద్దెకుండేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు మాస్క్ చేసే పంపుతారు. మ్యాపింగ్ షీటులో ఒక వరస ఇలా ఉంది: పాత స్టేటస్ 'క్లోజ్డ్', కొత్త స్టేటస్ 'కంప్లీటెడ్'. చూడ్డానికి ఏ తేడా లేదు కదా? ఎవరైనా అలాగే రాస్తారు.

టెస్ట్ లోడ్ చేసి చూస్తుంటే ఒక ఇంటిమీద కన్ను పడింది. మూడు చలికాలాల్లో అయిదు ఫిర్యాదులు. అన్నీ పడగ్గది గోడ మీద బూజు గురించే. అయిదూ క్లోజ్డ్. నిజంగా బాగుచేస్తే మళ్ళీ మళ్ళీ ఎందుకు ఫోన్ చేస్తారు? పాత టేబుల్లోకి వెళ్ళి చూస్తే పక్కనే ఇంకో కాలమ్ ఉంది, ఎందుకు క్లోజ్ చేశారో చెప్పే కోడు. పని అయిపోతే ఒక కోడు, డూప్లికేట్ అయితే ఒకటి, మనిషి వెళ్ళినప్పుడు తలుపు తీయకపోతే ఒకటి. ఈ ఇంట్లో అయిదింటికి నాలుగు 'తలుపు తీయలేదు' అన్న కోడే. నోట్సులో ఒక చోట 'కార్డు వేసి వచ్చాం' అనుంది. ఇంకో చోట 'పనిలో ఉంటారట, సాయంత్రం అయిదు తర్వాత రమ్మన్నారు' అనుంది. ఆ తర్వాతి ఎంట్రీ ఏంటంటే, పొద్దున పదకొండింటికి వెళ్ళారు, ఎవరూ లేరు, క్లోజ్డ్.

ఆ కారణం చెప్పే కాలమ్ మా స్కోప్‌లో లేదు. మేం షీటు ప్రకారం నడిపేస్తే ఈ నాలుగూ కొత్త సిస్టమ్‌లో 'కంప్లీటెడ్' అయిపోతాయి. డ్యాష్‌బోర్డు పచ్చగా మెరుస్తుంది. రేపు ఆ ఇంటావిడ ఆరోసారి ఫోన్ చేస్తే, అటువైపు స్క్రీన్ చూసే పిల్ల 'మీకు ఇప్పటికే అయిదుసార్లు బాగుచేశామండీ' అంటుంది. ఆ పిల్ల అబద్ధం చెప్పినట్టు కాదు. స్క్రీన్ మీద ఉన్నదే చెప్తుంది.

ఇది చిన్న విషయమని అనుకునేవాళ్ళ కోసం రాచ్‌డేల్ సంగతి చెప్పాలి. మాంచెస్టర్ పక్కన ఊరు. అక్కడ ఒక హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో బూజుని చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ సమస్యే కారణమని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. తండ్రి 2017లోనే బూజు గురించి చెప్పాడు, పెయింటు వేసుకోమన్నారు. 2020లో లాయరు ద్వారా క్లెయిమ్ వేశాడు. అదే ఏడాది జులైలో హెల్త్ విజిటర్ ఉత్తరం రాసింది. చూశారా, సమాచారం లేక కాదు. ఫిర్యాదు ఉంది, క్లెయిమ్ ఉంది, ఉత్తరం ఉంది. అన్నీ కలిపి చూసి ఆ ఇంటికి వెళ్ళి పని చేసినవాళ్ళు లేరు.

దాని తర్వాత 2023లో సోషల్ హౌసింగ్ చట్టం వచ్చింది. అందులోంచి వచ్చిన అవాబ్స్ లా మొదటి దశ 2025 అక్టోబరు 27 నుంచి అమలైంది. ఆరోగ్యానికో భద్రతకో తక్షణ, తీవ్ర ప్రమాదం ఉన్నవాటికి 24 గంటలు. ప్రమాదకరమైన చెమ్మ, బూజు గురించి తెలిస్తే 10 పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదం ఉందని తేలితే ఆ తర్వాత 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. గడువు తప్పితే, మేం చేయగలిగిన ప్రయత్నాలన్నీ చేశామని సంస్థ చూపించుకోవాలి. కార్డు వేసి వచ్చాం అంటే సరిపోతుందా? ఎప్పుడు వెళ్ళారు, వాళ్ళు ఏ టైముకి రమ్మన్నారు, మళ్ళీ వెళ్ళారా? ఇదంతా రికార్డులో ఉండాలి. అంటే మా స్కోప్‌లో లేని ఆ కాలమ్‌లో.

సరే, నేను స్టేటస్ కాల్‌లో ఈ విషయం ఎత్తాను. మా మేనేజరు చాట్‌లో 'బాబూ, అది ఛేంజ్ రిక్వెస్టు, నువ్వు షీటు ప్రకారం వెళ్ళు' అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. కాంట్రాక్టులో మా పనిని కొలిచేది రెండు లెక్కలతో. ఎన్ని శాతం రికార్డులు వెళ్ళాయి, ఎన్ని రిజెక్ట్ అయ్యాయి. రెండింట్లోనూ మాకు ఫుల్ మార్కులు వస్తాయి. అదృష్టం కొద్దీ ఆ కాల్‌లో క్లయింటు వైపు రిపేర్ల డెస్కులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ ఉన్నారు. కోడులన్నిటికీ అర్థాలు ఆవిడకి కంఠతా వచ్చు. టెండరు రాసేటప్పుడు ఆవిడని ఎవరూ అడగలేదట. ఆ తర్వాత కొన్ని వారాలు ఈమెయిళ్ళు నడిచాయి, ఛేంజ్ రిక్వెస్టు డబ్బుల మీద బేరాలు నడిచాయి. చివరికి ఆ కాలమ్ వచ్చింది. తలుపు తీయలేదన్న కోడున్న చెమ్మ ఫిర్యాదులన్నీ 'మళ్ళీ చూడాలి' అన్న వరసలోకి వెళ్ళాయి. కోడు రాయడానికి నాకు పట్టింది ఒకటిన్నర రోజు.

ఇంతకీ ఈ టెండరు చట్టం ఏమంటోంది? బ్రిటన్‌లో ప్రొక్యూర్‌మెంట్ యాక్ట్ 2023 అని కొత్తది వచ్చి 2025 ఫిబ్రవరి 24 నుంచి అమలైంది. యూరోపియన్ యూనియన్ కాలంలో వచ్చిన 2015 నిబంధనల స్థానంలో ఇది వచ్చింది. స్కాట్లాండుకి మాత్రం వేరే రూల్సున్నాయి. పాత చట్టంలో 'మోస్ట్ ఎకనామికల్లీ అడ్వాంటేజియస్ టెండర్' అనేవాళ్ళు. కొత్తదాంట్లో 'ఎకనామికల్లీ' అన్న మాట తీసేశారు. మన ఎల్1 లెక్కలో చెప్పాలంటే, పాతదాంట్లోనూ నాణ్యతకి మార్కులివ్వొచ్చు, కానీ ఈసారి చౌకే గొప్ప అనుకోవద్దని గట్టిగా చెప్పారన్నమాట. ప్రజాప్రయోజనాన్ని వీలైనంత పెంచడం అన్నది చట్టంలో ఒక లక్ష్యంగానే రాశారు. నోటీసులన్నీ ఒకేచోట అందరికీ కనపడేలా పెట్టాలి. 50 లక్షల పౌండ్లు దాటిన కాంట్రాక్టులకి కొన్ని మినహాయింపులు పోను కనీసం మూడు కేపీఐలు పెట్టి, వాటిని ప్రచురించి, ఏడాదికోసారి కంపెనీ ఎలా చేసిందో కూడా బయటపెట్టాలి.

ఇది మంచి మార్పే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చినప్పుడు టెండరు బాక్సు దగ్గర కాపలా కాసే గొడవలు తగ్గాయని మా నాన్నగారి తరం వాళ్ళు చెప్తుంటారు. వెలుగు పడితే కొంత చెత్త తగ్గుతుంది, సందేహం లేదు.

కానీ మా కాలమ్ కథని ఈ చట్టం కింద పెట్టి చూడండి. మా కాంట్రాక్టు టెండరు 2025 ఫిబ్రవరికి ముందుది, కాబట్టి పాత రూల్సే. పోనీ కొత్త రూల్సే అనుకుందాం. మా కాంట్రాక్టు 50 లక్షల పౌండ్ల దరిదాపుల్లో లేదు, కాబట్టి కేపీఐలు ప్రచురించే బాధ్యత లేదు. సాఫ్ట్‌వేరు, డేటా పనులు చాలావరకు ఈ సైజులోనే ఉంటాయి. కాంట్రాక్టులో మార్పు చేస్తే నోటీసు ఇవ్వాలి, కానీ సర్వీసుల్లో విలువ తేడా 10 శాతం లోపుంటే అక్కర్లేదు. మా ఛేంజ్ రిక్వెస్టు అందులో పదోవంతు కూడా ఉండదు. పోనీ పెద్ద కాంట్రాక్టే అయి, కేపీఐలు ప్రచురించారే అనుకుందాం. ఏం ప్రచురిస్తారు? 'రికార్డుల తరలింపు నూటికి నూరు శాతం'. అందరూ చదువుకునేలా, అందంగా. కొలిచేదే తప్పయితే, దాన్ని బయటపెట్టినా ఆ ఇంటి గోడ ఆరదు.

ఇంకోవైపు నుంచి ఒత్తిడి వస్తోంది, అదొక ఆశ. 2024 ఏప్రిల్ 1 నుంచి సోషల్ హౌసింగ్ రెగ్యులేటరు వెయ్యికి పైగా ఇళ్ళున్న సంస్థల్ని స్వయంగా తనిఖీ చేసి సీ1 నుంచి సీ4 దాకా గ్రేడ్లిస్తోంది. చాలా కౌన్సిళ్ళకి తక్కువ గ్రేడు రావడానికి ఒక కారణం, తమ ఇళ్ళ పరిస్థితి ఏంటో చెప్పే సరైన, తాజా సమాచారం వాళ్ళ దగ్గర లేకపోవడం. హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2023 మే నెలలో రికార్డుల నిర్వహణ మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. అంటే డేటా లేకపోవడం కూడా ఇల్లు సరిగ్గా చూసుకోకపోవడమే అని ఒప్పుకున్నట్టు.

మరి టెండరులో ఏం రాయాలి? నా మట్టుకు నాకు తోచినవి చెప్తాను.

ఒకటి, ప్రతి రికార్డుకీ యూపీఆర్ఎన్ ఉండాలి. బ్రిటన్‌లో ప్రతి చిరునామాకీ 12 అంకెల దాకా ఉండే ఒక నంబరుంది, 2020 జులై నుంచి అది ఉచితం. మా ప్రాజెక్టులో రిపేర్ల వాళ్ళకి ఒక ప్రాపర్టీ ఐడీ, గ్యాస్ తనిఖీ వాళ్ళకి ఇంకోటి. ఒకే ఫ్లాటు ఒకచోట '14, ఫ్లాట్ 2', ఇంకోచోట '14బీ'. జాయిన్ చేస్తే కలవదు. టెండరులో ఒక్క వాక్యం చాలు దీనికి.

రెండు, కాంట్రాక్టు అయిపోయినప్పుడు పాత కంపెనీ డేటాతోపాటు కోడుల అర్థాలు కూడా ఇచ్చి వెళ్ళాలి. అదనంగా డబ్బులడక్కుండా. మాకు వచ్చిన డంప్‌లో టేబుళ్ళున్నాయి, డిక్షనరీ లేదు. అది ఒక మనిషి బుర్రలో ఉంది. ఆవిడ రిటైరైపోయి ఉంటే?

మూడు, చెమ్మ గురించి సంస్థకి 'తెలిసింది' అని ఏ క్షణం నుంచి లెక్కేయాలో రాయాలి. ట్యాపు బాగుచేయడానికి వెళ్ళిన ప్లంబరు గోడ మీద బూజు చూసి యాప్‌లో నోట్ పెడితే, గడియారం మొదలైనట్టా కాదా? ఇది డెవలపరు ఊహించి రాసే విషయం కాకూడదు.

నాలుగు, కేపీఐ ఇంటి గురించి ఉండాలి. ఎన్ని టికెట్లు మూశారన్నది పక్కనపెట్టి, మూసిన తర్వాత ఆరు నెలల్లో అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. క్వెరీ కూడా కష్టమేం కాదు.

టెండరు ముందు కంపెనీలతో మాట్లాడి సలహాలు తీసుకోవచ్చని కొత్త చట్టం చెప్తోంది. ఆ పిలుపులో మనలాంటి కంపెనీల ప్రీసేల్స్ వాళ్ళుంటారు, స్లైడ్ల నిండా ఏఐ ఉంటుంది, గోడకి తగిలించే తేమ సెన్సర్లుంటాయి. ఉండనివ్వండి. ఆ పక్కనే రిపేర్ల డెస్కు నుంచి ఒకరిని, ఆ ఇళ్ళల్లో అద్దెకుండేవాళ్ళలో ఒకరిద్దర్ని కూడా కూర్చోబెడితే మంచిది. తలుపు ఎందుకు తీయలేకపోయారో వాళ్ళే చెప్తారు.

ఇక మన సంగతి. హైదరాబాదులో, బెంగుళూరులో కూర్చుని ఇలాంటి డేటాతో పనిచేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. చట్టాలు మనం రాయం, టెండర్లు మనం రాయం. కానీ టేబుళ్ళన్నీ తెరిచి చూసేది చాలాసార్లు మనమే. మ్యాపింగ్ షీటులో 'క్లోజ్డ్' అన్న మాట కనపడితే ఎందుకు క్లోజయిందో అడగండి. ఎస్టిమేట్‌లో రెండు రోజులు పెరుగుతాయి, మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. పెరగనివ్వండి.